ధర్మసంస్థల్లో ఉద్యోగం - స్త్రీలకు చట్టరక్షణ



ఈ పూట మనం కాస్త మొహమాటపడే విషయం ఒకటి మాట్లాడుకుందాం. పిల్లలు పక్కన ఉన్నారని రేడియో కట్టేయనక్కర్లేదు. ఎదిగిన ఆడపిల్లలు, మగపిల్లలు కూడా వింటేనే మంచిది.

ఒక అమ్మాయిని ఊహించుకోండి. మన సరిహద్దు జిల్లాల్లో ఎక్కడి పిల్లయినా కావచ్చు. బళ్లారి కావచ్చు, హోసూరు కావచ్చు, రాయగడ, సిరొంచ, యానాం ఏదైనా కావచ్చు. డిగ్రీ చదివింది. ఊళ్లో ఒక మతసంస్థ నడిపే బడిలో పంతులమ్మగా చేరింది. జీతం పెద్దదేం కాదు. కానీ ఉండటానికి ఆ ఆవరణలోనే ఒక గది ఇచ్చారు. తమ్ముడికి అదే బడిలో ఫీజు తగ్గించారు. ఇంట్లో పెళ్లయినా, చావైనా, ఇంకే మంచిచెడ్డలైనా ఆ సంస్థ పెద్దాయనను అడిగే చేస్తారు. ఆ పెద్దాయనే ఒక సాయంత్రం హాజరు పుస్తకం తీసుకురమ్మని గదికి పిలిచి చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుని వచ్చేసింది. మర్నాటి నుంచి ఆమె పనిలో తప్పులు కనిపించడం మొదలైంది. నెల తిరక్కుండా వంద మైళ్ల దూరాన ఉన్న మరో శాఖకు బదిలీ చేశారు. ఎందుకని అడిగితే, "ప్రవర్తన గురించి ఫిర్యాదులు వచ్చాయి" అన్నారు.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎవరితో చెప్పుకోవాలి? చెప్పుకుంటే ఏమవుతుంది? మామూలు కంపెనీలో అయితే పోయేది ఒక్క ఉద్యోగమే. ఇక్కడ ఉద్యోగంతో పాటు గది పోతుంది, తమ్ముడి చదువు పోతుంది, తల్లిదండ్రులకు నలుగురిలో కూర్చునే చోటు పోతుంది. "దేవుడి పని చేసే వాళ్ల మీద నిందా?" అని తన వాళ్లే అంటారు. అందుకే మతసంస్థలో పనిచేసే స్త్రీకి ఈ కష్టం వస్తే నోరు పెగలదు. అలాంటి వారికి మన దేశ చట్టం ఏం చెబుతోందో, ఎక్కడికి వెళ్లాలో, కక్షసాధింపును ఎలా ఎదుర్కోవాలో వివరంగా చూద్దాం.

ముందుగా ఈ చట్టం ఎలా వచ్చిందో రెండు మాటలు. రాజస్థాన్‌లో భటేరీ అనే గ్రామం ఉంది. అక్కడ భన్వరీ దేవి అనే ఆమె ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో గ్రామస్థాయి కార్యకర్త. బాల్యవివాహాలు ఆపడం ఆమె పనిలో ఒక భాగం. అలా ఒక పెళ్లిని ఆపబోయినందుకు 1992లో తన మీద సామూహిక అత్యాచారం జరిగిందని ఆమె ఫిర్యాదు చేసింది. 1995లో కింది కోర్టు నిందితులను ఆ అభియోగం నుంచి విడుదల చేసింది. పనిచేసే ఆడవాళ్లకు పని కారణంగా వచ్చే ప్రమాదం నుంచి రక్షణ ఏదీ అని మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. అదే విశాఖ కేసు. మన విశాఖపట్నానికి దీనికీ సంబంధం లేదు, విశాఖ అన్నది ఆ పిటిషన్ వేసిన వారిలో ఒక సంస్థ పేరు. 1997 ఆగస్టు 13న తీర్పు వచ్చింది. పార్లమెంటు చట్టం చేసేదాకా ప్రతి యజమానీ పాటించవలసిన నియమాలను కోర్టే రాసి ఇచ్చింది. ఫిర్యాదు చేసిన స్త్రీ మీద, సాక్ష్యం చెప్పిన వారి మీద కక్షసాధింపు జరగకుండా చూడాలన్న మాట కూడా ఆ నియమాల్లో ఉంది. పదహారేళ్ల తరువాత 2013లో పార్లమెంటు చట్టం చేసింది. ఆ ఏడాది డిసెంబరు 9 నుంచి అది అమలులో ఉంది.

లైంగిక వేధింపు అంటే ఏమిటి? ఒంటి మీద చెయ్యి వేయడం ఒక్కటే కాదు. కోరిక తీర్చమని అడగడం, అసభ్యమైన మాటలు మాట్లాడటం, అశ్లీల బొమ్మలు చూపించడం, ఆమెకు ఇష్టం లేని ఏ లైంగికమైన చేష్టయినా, సైగయినా వేధింపే. "నా మాట వింటే నీకు మేలు చేస్తాను" అని ఆశ చూపినా, "వినకపోతే నీ ఉద్యోగం సంగతి చూస్తాను" అని బెదిరించినా, పనిచేసే చోటును ఆమెకు నరకం చేసినా అవీ ఇందులోకే వస్తాయి. ఒంటిని తాకితేనే వేధింపు అన్న వాదన చెల్లదని సుప్రీంకోర్టు 1999లోనే, ఎగుమతుల ప్రోత్సాహక మండలి ఒకదానికి సంబంధించిన కేసులో, తేల్చి చెప్పింది.

ఇక అసలు ప్రశ్న. ఈ చట్టం మఠానికి, మిషన్‌కు, మదరసాకు, ఆశ్రమానికి వర్తిస్తుందా?

చాలామంది వర్తించదనే అనుకుంటారు. సంస్థల పెద్దలు కూడా కొందరు "మాది కంపెనీ కాదు, ట్రస్టు. ఇక్కడ ఉద్యోగులు లేరు, సేవకులే ఉన్నారు" అంటుంటారు. చట్టం చేసిన వారు ఈ రెండు మాటలకూ ముందే సమాధానం రాసి పెట్టారు. పనిచేసే చోటు అంటే ఏమిటో చెబుతూ సంస్థ, సొసైటీ, ట్రస్టు, స్వచ్ఛంద సంఘం అన్న పదాలను చట్టంలోనే చేర్చారు. విద్య, వైద్యం, అమ్మకం, సేవ, ఇలా ఏ పని నడుపుతున్నా సరే. ఆసుపత్రుల పేరు విడిగా రాశారు. పని మీద వెళ్లిన ఊరు, అందుకు సంస్థ ఏర్పాటు చేసిన బండి కూడా పనిచేసే చోటు కిందికే వస్తాయి. అంటే యాత్రకు వంటమనిషిగా తీసుకువెళ్లిన బస్సులో జరిగినా, సభలకని పంపిన వేరే ఊళ్లో జరిగినా "అది మా ఆవరణ కాదు" అని తప్పించుకోలేరు.

ఇక ఉద్యోగి అంటే ఎవరు? శాశ్వత ఉద్యోగి, తాత్కాలిక ఉద్యోగి, రోజుకూలీ, కాంట్రాక్టరు తెచ్చిన మనిషి, శిక్షణలో ఉన్న అమ్మాయి, అందరూ ఉద్యోగులే. జీతం తీసుకున్నా తీసుకోకపోయినా, స్వచ్ఛందంగా పనిచేస్తున్నా ఉద్యోగే అని చట్టం స్పష్టంగా చెబుతోంది. శ్రోతలు ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. గౌరవ వేతనం మీద పాఠం చెప్పే ఆమె, అన్నదాన సత్రంలో గిన్నెలు తోమే ఆమె, హాస్టలు వార్డెను, మిషన్ ఆసుపత్రిలో నర్సు, పుస్తకాల దుకాణంలో బిల్లులు రాసే అమ్మాయి, వీళ్లలో ఎవరికీ "నువ్వు సేవకురాలివి, నీకు చట్టం లేదు" అని చెప్పే వీల్లేదు. మతసంస్థలకు మినహాయింపు ఇస్తున్నామన్న సెక్షను ఆ చట్టం మొత్తంలో ఒక్కటీ లేదు.

"మరి రాజ్యాంగం మతస్వేచ్ఛ ఇచ్చింది కదా?" అని అడగవచ్చు. ఇచ్చింది. తమ మత విషయాలను తామే చూసుకునే హక్కు 26వ అధికరణం ప్రతి మతశాఖకూ ఇస్తోంది. కానీ శాంతిభద్రతలు, నీతి, ఆరోగ్యం అన్న వాటికి లోబడి ఇస్తోంది. ఈ అధికరణం మీద పెద్ద తీర్పు మన పొరుగునే పుట్టింది. ఉడుపిలోని శిరూరు మఠం కేసు అది. అప్పట్లో ఉడుపి మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1954లో సుప్రీంకోర్టు మతాచారానికీ, సంస్థ నిర్వహణకూ మధ్య ఒక గీత గీసింది. ఏ పూజ ఎలా చేయాలన్నది మతం నిర్ణయించుకుంటుంది. ఆస్తి నిర్వహణ వంటి లౌకిక వ్యవహారాల్లో చట్టం అడుగుపెట్టవచ్చు. అల్పసంఖ్యాక వర్గాలు నడిపే విద్యాసంస్థల విషయంలోనూ 1958లో కేరళ విద్యా బిల్లు మీద అభిప్రాయం చెబుతూ, నిర్వహించే హక్కులో చెడుగా నిర్వహించే హక్కు కలిసి ఉండదని సుప్రీంకోర్టు అన్నది. ఏ మతగ్రంథమూ పనిచేసే ఆడపిల్ల చెయ్యి పట్టుకోమని చెప్పదు కదా. కాబట్టి అది మతవిషయం ఎలా అవుతుంది?

ఒక్క మాట మాత్రం నిజాయితీగా చెప్పుకోవాలి. బడి, ఆసుపత్రి, హాస్టలు, ప్రెస్సు, అతిథిగృహం వంటి చోట్ల సందేహానికి తావు లేదు. కేవలం పూజ, ప్రార్థన తప్ప మరే పనీ లేని చోట, సన్యాసం స్వీకరించిన వారి విషయంలో, "ఇక్కడ యజమాని, ఉద్యోగి అన్న సంబంధమే లేదు" అని లాయర్లు వాదించే అవకాశం ఉంది. ఆ వాదన వచ్చినా భయపడనక్కర్లేదు. నేరానికి శిక్ష వేసే చట్టం ఉద్యోగమా, సేవా అని అడగదు. ఆ సంగతి తరువాత చెబుతాను.

పోల్చి చూసుకోవడానికి అమెరికా సంగతి ఒకటి. అక్కడ మతబోధకులుగా లెక్కకు వచ్చే వారిని నియమించడంలో, తీసేయడంలో కోర్టులు జోక్యం చేసుకోవు. మిషిగన్ రాష్ట్రంలో ఒక లూథరన్ బడి పంతులమ్మ, జబ్బు చేసి సెలవు మీద వెళ్లి తిరిగి వస్తే ఉద్యోగం లేదన్నారు. దావా వేస్తానన్నందుకు తనను తీసేశారని ఆమె వాదించింది. 2012లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా, ఆమె బోధకురాలి కిందికి వస్తుంది కాబట్టి ఆ దావా నడవదన్నారు. లైంగిక వేధింపుల విషయంలో అక్కడి కింది కోర్టులు ఒక్క మాట మీద లేవు. జెసూట్ సభలో శిక్షణ పొందుతూ బయటికి వచ్చిన ఒకాయన వేసిన దావాను 1999లో ఒక అప్పీలు కోర్టు నడవనిచ్చింది. చర్చి సంగీత నిర్వాహకుడు ఒకాయన తనను వేధించారని వేసిన దావాను 2021లో మరో అప్పీలు కోర్టు నడవనివ్వలేదు. మన 2013 చట్టంలో అలాంటి గోడ లేదు. కాబట్టి ఎక్కడో విన్న మాట పట్టుకుని "మతసంస్థ మీద కేసు నిలవదట" అని మన వాళ్లను వెనక్కి లాగకండి.

సరే, ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా యాజమాన్యం ఒక అంతర్గత కమిటీ వేయాలి. సంస్థకు శాఖలు వేర్వేరు చోట్ల ఉంటే ప్రతి శాఖలోనూ వేయాలి. దానికి అధ్యక్షురాలు ఒక సీనియర్ ఉద్యోగిని. సభ్యుల్లో సగానికి తక్కువ కాకుండా స్త్రీలు ఉండాలి. బయటి సంస్థ నుంచి, ఈ విషయాలు తెలిసిన వ్యక్తి ఒకరు తప్పనిసరిగా ఉండాలి. కమిటీ వేయని యాజమాన్యానికి 50,000 రూపాయల దాకా జరిమానా. మళ్లీ అదే తప్పు చేస్తే శిక్ష రెట్టింపు, సంస్థ లైసెన్సు, రిజిస్ట్రేషను కూడా రద్దు కావచ్చు.

మరి ఫిర్యాదు ఆ సంస్థ పెద్ద మీదనే అయితే? ఆయన వేసిన కమిటీ ఆయనను విచారిస్తుందా? కంచే చేను మేస్తే కావలి ఎవరికి చెప్పుకుంటాం? అందుకే చట్టం ఇంకో తలుపు తెరిచింది. దాని పేరు స్థానిక కమిటీ. ఇది జిల్లాకు ఒకటి ఉంటుంది. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట్ల వారు, యజమాని మీదే ఫిర్యాదు ఉన్నవారు నేరుగా ఇక్కడికి వెళ్లవచ్చు. యజమాని అంటే జీతం ఇచ్చే మనిషే కానక్కర్లేదు. సంస్థను నడిపించే, పర్యవేక్షించే, అదుపు చేసే వ్యక్తి గానీ, బోర్డు గానీ, కమిటీ గానీ యజమానే. ధర్మకర్త, పీఠాధిపతి, కరస్పాండెంటు, మేనేజరు, పేరు ఏదైనా పెత్తనం ఎవరిదో వారే యజమాని.

స్థానిక కమిటీ ఎక్కడ ఉందో తెలియకపోతే కలెక్టరు కార్యాలయంలో అడగండి. కర్ణాటకలో అయితే డిప్యూటీ కమిషనరు కార్యాలయం. యానాం వారు ప్రాంతీయ పరిపాలనాధికారి కార్యాలయంలో అడగవచ్చు. మహిళా శిశు సంక్షేమ శాఖ వారిని అడిగినా చెబుతారు. తాలూకా స్థాయిలో ఫిర్యాదు తీసుకునే నోడల్ అధికారి ఉండాలి. ఆయన 7 రోజుల్లో దాన్ని స్థానిక కమిటీకి పంపాలి. చాలా జిల్లాల్లో ఈ ఏర్పాట్లు కాగితం మీదనే ఉన్నాయని గమనించిన సుప్రీంకోర్టు, 2024 డిసెంబరు 3న, ప్రతి జిల్లాలోనూ వీటిని పూర్తి చేయాలని గడువులు పెట్టి ఆదేశించింది. కాబట్టి "మా దగ్గర అలాంటిదేమీ లేదు" అని గుమాస్తా అంటే తిరిగి రాకండి. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇక్కడ మన సరిహద్దు తెలుగువారి ఇబ్బంది ఒకటుంది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో. తప్పులు లేకుండా రాయలేమేమోనన్న బెరుకుతోనే చాలామంది ఆగిపోతారు. ఫిర్యాదు ఫలానా భాషలోనే ఉండాలని ఈ చట్టం ఎక్కడా అనలేదు. రాయలేని స్త్రీకి రాసుకోవడానికి సాయం చేయడం కమిటీ బాధ్యత అని మాత్రం చెప్పింది. మీకు వచ్చిన భాషలో, జరిగింది జరిగినట్టు, తేదీ, సమయం, చోటు, ఎవరు చూశారు అన్నవి రాయండి. ఆ రాష్ట్ర భాష తెలిసిన బంధువో స్నేహితురాలో అనువాదం చేసి జత చేస్తే పని ఇంకా సులువు. ఫిర్యాదు, దాంతో జత చేసే కాగితాలు ఆరు ప్రతులు ఇవ్వాలి. మీ దగ్గర ఏడో ప్రతి ఉంచుకోండి.

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైన మాట, గడువు. సంఘటన జరిగిన 3 నెలల లోపల ఫిర్యాదు చేయాలి. ఒకటి కంటే ఎక్కువసార్లు జరిగితే ఆఖరిసారి జరిగిన నాటి నుంచి 3 నెలలు. ఆలస్యానికి తగిన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలలు పొడిగించవచ్చు. అంతకుమించి లేదు.

ఈ లెక్కలో చాలామంది పొరపాటు పడుతున్నారు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. అది మతసంస్థ కాదు, పశ్చిమ బెంగాల్‌లో ఒక న్యాయ విశ్వవిద్యాలయం. వేధింపు చివరిసారి జరిగింది 2023 ఏప్రిల్‌లో. ఆ తరువాత తనను ఒక పదవి నుంచి తప్పించారని, అదీ ఈ వేధింపులో భాగమేనని అధ్యాపకురాలు వాదించింది. ఫిర్యాదు ఇచ్చింది డిసెంబరులో. పదవి నుంచి తప్పించడం పరిపాలనా నిర్ణయం, దాన్ని పట్టుకుని గడువు లెక్కపెట్టడానికి వీల్లేదని కోర్టు అన్నది. ఫిర్యాదు గడువు దాటిందని నిలబడలేదు. అలాగని కోర్టు ఆ పెద్దమనిషిని ఊరికే వదల్లేదు. ఈ తీర్పును ఆయన తన వివరాల పత్రంలో భాగంగా చూపించుకోవాలని ఆదేశించింది. ఈ కేసు మనకు చెప్పే పాఠం ఏమిటంటే, కక్షసాధింపు ఎక్కడిదాకా వెళ్తుందో చూద్దామని కూర్చోకూడదు. చెయ్యి పట్టుకున్న నాటి నుంచి లెక్కపెట్టుకోవాలి, బదిలీ కాగితం వచ్చిన నాటి నుంచి కాదు.

ఇక కక్షసాధింపు. మతసంస్థల్లో దీని రూపాలు వేరు. ఛార్జి మెమో, బదిలీ, జీతం ఆపడం వంటివి అన్నిచోట్లా ఉండేవే. ఇక్కడ గది ఖాళీ చేయమంటారు. పిల్లల ఫీజు రాయితీ తీసేస్తారు. నడవడి పత్రం ఇవ్వరు. సాక్ష్యం చెప్పబోయిన ఆయాను పిలిచి "నీ కూతురి పెళ్లికి మేం రాం" అంటారు. ప్రసంగంలో పేరు చెప్పకుండా దెప్పిపొడుస్తారు. ఇవి కాగితం మీద కనిపించవు, అందుకే వీటిని కాగితం మీదకు తేవడం మన పని.

ఈ విషయంలో చట్టంలో ఒక లోటు ఉంది. "ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధిస్తే ఇంత శిక్ష" అని విడిగా ఒక సెక్షను లేదు. కానీ ఉన్నవాటితో చాలా చేయవచ్చు. ఉద్యోగానికి హాని చేస్తానన్న బెదిరింపు, లైంగిక వేధింపుతో ముడిపడి ఉంటే, 3వ సెక్షను కిందికి వస్తుంది. విచారణ జరుగుతుండగా 12వ సెక్షను కింద ఆమె రాతపూర్వకంగా కోరితే, ఆమెనో, అవతలి వ్యక్తినో వేరే చోటికి మార్చమని కమిటీ సిఫారసు చేయవచ్చు. ఆమెకు మామూలు సెలవులు కాక 3 నెలల దాకా సెలవు ఇప్పించవచ్చు. ఆమె పని గురించి ఆ వ్యక్తి రిపోర్టు రాయకుండా ఆపించవచ్చు. "అడిగితే వాళ్లే చూసుకుంటారు" అనుకోకండి. రాసి అడగాలి. చాలామందికి ఈ సెక్షను ఉందనే తెలియదు.

బదిలీ గురించి ఒక తీర్పు చెబుతాను. పంజాబ్ అండ్ సింధ్ బ్యాంకులో ఒక మహిళా అధికారి, ఇండోరు శాఖలోని అక్రమాల మీద రాసింది, పై అధికారి వేధింపు మీద ఫిర్యాదు చేసింది. ఆమెను జబల్‌పూర్ జిల్లాలోని ఒక చిన్న శాఖకు బదిలీ చేశారు. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఆమెను బలిచేయడానికే ఈ బదిలీ జరిగిందని చెప్పి, అది చెల్లదన్నది. తిరిగి ఇండోరుకు పంపమన్నది. ఖర్చుల కింద 50,000 రూపాయలు ఇప్పించింది. అంతేకాదు, కమిటీలో బయటి సభ్యుడిగా బ్యాంకు తరఫు లాయరును కూర్చోబెట్టడాన్ని తప్పుపట్టింది. మతసంస్థల కమిటీల్లో బయటి సభ్యుడి పేరిట ఆ సంస్థ భక్తుడినే కూర్చోబెడితే ఏమని అడగాలో ఈ తీర్పు మనకు నేర్పుతోంది.

కాబట్టి అమ్మా, మొదటి రోజు నుంచే ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. జరిగినవన్నీ తేదీలు వేసి రాయండి. ఫోనులో వచ్చిన సందేశాలు చెరిపేయకండి. మీ పని బాగుందని గతంలో ఇచ్చిన కాగితాలు, జీతం రసీదులు, నియామక ఉత్తర్వు, అన్నీ సంస్థ ఆవరణలో కాకుండా బయట నమ్మకమైన చోట దాచండి. నోటిమాటగా బదిలీ అన్నా, మానేయమన్నా, "రాసి ఇవ్వండి" అనండి. రాజీనామా రాసిమ్మంటే ఆ పూట రాయకండి. ఫిర్యాదును స్పీడ్ పోస్టులో కూడా పంపి రసీదు భద్రం చేసుకోండి. ఫిర్యాదుకు ముందు మీ పని గురించి ఒక్క మాట లేకుండా, ఫిర్యాదు తరువాత వారంలో మూడు మెమోలు వస్తే, ఆ తేదీలే మీ తరఫున సాక్ష్యం చెబుతాయి.

మూడు భయాలు చాలామందిని ఆపుతాయి. ఒకటి, "రుజువు చేయలేకపోతే నా మీదే కేసు పెడతారేమో" అన్నది. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు చేసిన స్త్రీ మీద చర్య తీసుకోకూడదని 14వ సెక్షను చెబుతోంది. కావాలని అబద్ధం ఆడారని విచారణలో తేలితేనే చర్య. రెండోది, పరువు భయం. ఆమె పేరు, అవతలి వ్యక్తి పేరు, విచారణ వివరాలు బయటపెట్టకూడదని 16వ సెక్షను. మూడోది, "క్షమించు తల్లీ, కాళ్లు పట్టుకుంటాడు" అని పెద్దలు చేసే రాజీ. రాజీ చట్టంలోనూ ఉంది. కానీ అది ఆమె అడిగితేనే, డబ్బు ప్రసక్తి లేకుండానే. నలుగురు పెద్దలు గదిలో కూర్చోబెట్టి ఒప్పించేది ఆ రాజీ కాదు. క్షమించడం గొప్ప గుణమే. క్షమించాలో వద్దో గాయపడిన మనిషి నిర్ణయించుకోవాలి, గాయపరిచిన వారి తరఫు మనుషులు కాదు.

విచారణ 90 రోజుల్లో ముగియాలి. ముగిసిన 10 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. దాని మీద యాజమాన్యం 60 రోజుల్లో చర్య తీసుకోవాలి. నచ్చకపోతే 90 రోజుల్లో అప్పీలుకు వెళ్లవచ్చు.

కమిటీతో సంబంధం లేకుండా పోలీసు స్టేషనుకు వెళ్లే హక్కు ఎప్పుడూ ఉంటుంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 75వ సెక్షను లైంగిక వేధింపును నేరంగా చెబుతోంది. ఒంటి మీద చెయ్యి వేయడం, కోరిక తీర్చమనడం వంటి వాటికి 3 ఏళ్ల దాకా జైలు, అసభ్యపు మాటలకు ఏడాది దాకా. దీని ముందు స్వామి, ఫాదరు, మౌలానా, మేనేజరు అన్న తేడా లేదు. కమిటీకి 3 నెలల గడువు దాటిపోయినంత మాత్రాన ఈ దారి మూసుకుపోదు. బాధితురాలికి 18 ఏళ్లు నిండకపోతే, 2012లో వచ్చిన పోక్సో చట్టం ఇంకా కఠినమైనది. లాయరుకు డబ్బులు లేవని వెనకాడనక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయం ఎంత అన్నది చూడకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ కార్యాలయం ఉంటుంది. ఫోను నంబరు 15100. స్త్రీల సహాయానికి 181.

చివరగా సంస్థలు నడిపే పెద్దలకు ఒక మనవి. "ఇంటి గుట్టు లంకకు చేటు" అని మనవాళ్లు అంటుంటారు. లంకకు చేటు వచ్చింది గుట్టు బయటపడినందుకా, పరాయి స్త్రీని చెరపట్టినందుకా అని ఒక్కసారి ఆలోచించాలి. మీ సంస్థలో కమిటీ వేయండి. బయటి సభ్యురాలిగా మీ భక్తురాలిని కాకుండా నిజంగా బయటి మనిషిని పెట్టండి. ఫిర్యాదు ఎవరికివ్వాలో నోటీసు బోర్డు మీద తెలుగులో కూడా రాయించండి. ఫిర్యాదు చేసిన అమ్మాయి గది, ఆమె తమ్ముడి ఫీజు విచారణ అయ్యేదాకా కదిలించకండి. తప్పు చేసిన ఒక మనిషిని వెనకేసుకొస్తే పోయేది సంస్థ పరువే.

మనం మొదట అనుకున్న ఆ పంతులమ్మ తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మీ అమ్మాయి ఒక సాయంత్రం వచ్చి, మీరు దేవుడిలా చూసే మనిషి గురించి ఏదో చెప్పబోతుంది. చెప్పలేక ఆగిపోతుంది. అప్పుడు "ఆయన అలాంటివాడు కాదే" అనకండి. "ఏం జరిగిందో చెప్పమ్మా" అనండి. మిగతా దారి చూపడానికి చట్టం ఉంది. ఆ మొదటి మాట అనవలసింది మాత్రం మీరే.